రాణిగంజ్‌లో కొన్న ఆయిల్ ప్రెషర్ గేజు: పాత ఎస్టీమ్ మీద పెట్టి చూశాక

రాణిగంజ్‌లో కార్ల స్పేర్ పార్టుల దుకాణాల వరుస ఉంది కదా, అక్కడ 1,650 రూపాయలకు, ఇంజిన్‌లో నూనె ఒత్తిడి కొలిచే ఈ గేజు కొన్నాను. ప్లాస్టిక్ పెట్టెలో 0 నుంచి 140 పిఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వరకు గీతలున్న డయలు, పొడవాటి రబ్బరు గొట్టం, గుప్పెడు ఇత్తడి అడాప్టర్లు ఉన్నాయి. తయారుచేసినవారి పేరు ఎక్కడా లేదు. పాత కారు ఉన్న ప్రతి ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. కాకపోతే పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడకూడదు. ఎందుకో వివరంగా చెబుతాను.

మాది 2003 మోడల్ మారుతి ఎస్టీమ్, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్. ఈ వేసవిలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్రదీపం మినుకుమినుకుమనేది. ఎక్సలరేటరు కాస్త తొక్కగానే ఆరిపోయేది. చూపించిన షెడ్డులో మేస్త్రీ బానెట్ ఎత్తి, శబ్దం విని, "బేరింగులు పోయాయి సార్, ఇంజిన్ దించాల్సిందే" అన్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. నేను ఉద్యోగమంతా బాలానగర్‌లో ఒక కర్మాగారంలో ప్రెషర్ గేజులు సరిచూసే పనిలోనే గడిపినవాణ్ణి. చెవితో విని చెప్పిన ఒత్తిడికి వేల రూపాయలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆ దీపం కొలత కాదు. దాన్ని వెలిగించే స్విచ్చు సాధారణంగా 0.3 నుంచి 0.5 బార్ దగ్గర, అంటే సుమారు 4 నుంచి 7 పిఎస్ఐ దగ్గర పనిచేస్తుంది. దీపం ఆరిందంటే ఒత్తిడి ఆ గీత దాటిందని మాత్రమే అర్థం. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వేగంలో 15 పిఎస్ఐ మాత్రమే ఉన్నా దీపం వెలగదు, లోపల బేరింగులు మాత్రం అరిగిపోతూనే ఉంటాయి. ఒక్కోసారి ఒత్తిడి బాగానే ఉండి, స్విచ్చే పాడై దీపం వెలుగుతుంది. ఈ రెంటికీ తేడా తెలియాలంటే స్విచ్చు విప్పి, ఆ రంధ్రంలో గేజు బిగించడం ఒక్కటే దారి.

ఈ పెట్టెలో నాకు అస్సలు నచ్చనిది అడాప్టర్లు. మా ఇంజిన్‌లో ఆ రంధ్రానికి ఉన్నది 1/8 బీఎస్‌పీటీ అనే బ్రిటిష్ కొలత మర, అంగుళానికి 28 మర చుట్లు. జపాన్ ఇంజిన్లలో ఎక్కువగా ఉండేది అదే. పెట్టెలో వచ్చిన అడాప్టరు అమెరికా కొలతది, 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27 చుట్లు. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు సాఫీగా ఎక్కి, ఆపైన బిగుసుకుంటుంది. కొన సన్నగా ఉండే మర కాబట్టి బిగుసుకోవడం సహజమేననిపిస్తుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. స్పానరు వేసి బలవంతం చేస్తే ఇంజిన్ వైపు మర చెడుతుంది, ఆ తర్వాత అసలు స్విచ్చు కూడా సరిగా కూర్చోదు. మర పళ్ల మధ్య దూరం సరిచూసే పిచ్ గేజును అడాప్టరుకు ఆనించి వెలుతురుకు పట్టి చూశాను. మొదటి పళ్లు సరిపోయాయి, తర్వాతి పళ్ల కింద సన్నని వెలుగు గీత కనిపించింది. బాలానగర్‌లో లేత్ పని చేసే కుర్రాడు పాత స్విచ్చు చూసి, ఇత్తడి కడ్డీలోంచి సరైన అడాప్టరు 250 రూపాయలకు తీసిచ్చాడు. చూడ ముచ్చటగా ఉంది దాని మర. టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టకండి. దాని పోగు తెగి నూనె దారిలో పడితే కొత్త తలనొప్పి. మరలకు పూసే సీలెంటు కొద్దిగా చాలు.

ఇక డయలు. గేజుల్లో తేడా శాతాన్ని సాధారణంగా పూర్తి స్కేలు మీద లెక్కగడతారు. 140 పిఎస్ఐ గేజులో 2.5 శాతమంటే మూడున్నర పిఎస్ఐ. 50 దగ్గర అది పట్టించుకోనక్కర్లేదు, కానీ 6 చూపిస్తున్నప్పుడు సగానికి సగం తేడా! పాత సహోద్యోగి దగ్గర డెడ్ వెయిట్ టెస్టరు (బరువులతో కచ్చితమైన ఒత్తిడి పుట్టించే పరికరం) మీద పెట్టి చూస్తే నా గేజు కింది భాగంలో 2 పిఎస్ఐ ఎక్కువ చూపింది, 40 దాటాక దాదాపు సరిగ్గా ఉంది. ఈ ధరకు అది మంచి ఫలితమే.

కొలిచేటప్పుడు రేడియేటరు ఫ్యాను తిరిగింది కదా అని తొందరపడకూడదు. నూనె నీళ్లకంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పుకొచ్చి మరీ కొలిచాను. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద 62. వేడెక్కాక స్లోలో, అంటే ఎక్సలరేటరు తొక్కకుండా, 6, అంటే నిజానికి 4. దీపం ఎందుకు మినుకుమంటోందో అక్కడే తెలిసిపోయింది. 3,000 చుట్ల దగ్గర 34.

ఈ మూడు అంకెలూ చాలా చెబుతాయి. చల్లగా ఉన్నప్పుడు 62 వచ్చిందంటే పంపు బలంగానే ఉంది, ఒత్తిడి మితిమీరితే నూనెను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కోలేదు. ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంప్‌లో జల్లెడ మడ్డితో మూసుకుపోతే చుట్లు పెంచేకొద్దీ ముల్లు పెరగాల్సింది పోయి తడబడుతుంది, పడిపోతుంది. మాకు అలా జరగలేదు. చల్లగా ఉంటే బాగుండి వేడి మీద పడిపోయేది రెండు సందర్భాల్లో: బేరింగుల సందు (వాటికీ వాటిలో తిరిగే ఇరుసుకూ మధ్య ఖాళీ) పెరిగినా, నూనె మరీ పలచనైనా. చిల్లులు పెద్దవైన పైపులో నీటి ధాటి తగ్గినట్టే, సందు పెరిగితే ఒత్తిడి నిలవదు. రెండింటిలో చవకైనదాన్ని ముందు సరిచూడాలి.

అంతకుముందు సర్వీసులో పోసిన నూనె ఏమిటో బిల్లు తీసి చూస్తే 5డబ్ల్యూ-30 అని ఉంది. కొత్త ఇంజిన్లకు అది మంచి నూనె. పేరులోని చివరి అంకె వేడి మీద చిక్కదనానికి గుర్తు. కానీ 100 డిగ్రీల దగ్గర 30 రకం చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, 40 రకానిది 12.5 నుంచి 16.3. ఇన్నేళ్లు తిరిగిన ఇంజిన్‌కు ఆ తేడా చిన్నది కాదు. ఫిల్టరుతో సహా మార్చి 20డబ్ల్యూ-40 పోశాను. మళ్లీ అదే దారిలో తిప్పి కొలిస్తే స్లోలో 13, 3,000 దగ్గర 47. ప్రతి 1,000 చుట్లకు 10 పిఎస్ఐ ఉండాలన్నది పాత మేస్త్రీల లెక్క. దాని ప్రకారం ఇది హాయిగా గట్టెక్కింది. మీ కారు మాన్యువల్‌లో అంకె ఉంటే మాత్రం దాన్నే పట్టుకోండి.

బేరింగులు కొత్తవాటిలా ఉన్నాయని నేననను. చిక్కటి నూనె అరుగుదలను కొంత కప్పిపుచ్చుతుంది కూడా. అందుకే ప్రతిసారీ నూనె మార్చిన తర్వాత ఇదే గేజుతో, ఇలాగే వేడెక్కించి కొలిచి, సర్వీసు పుస్తకంలో తేదీతో రాసి పెడుతున్నాను. స్లోలో అంకె జారుతూ వస్తే అప్పుడు సంప్ విప్పిస్తాను.

కొనబోయేవారు ఇదే దుకాణాల వరుసలో 0–100 పిఎస్ఐ డయలు ఉన్నది దొరుకుతుందేమో అడగండి. కింది గీతలు మరింత స్పష్టంగా కనబడతాయి. వెళ్లేటప్పుడు మీ పాత ప్రెషర్ స్విచ్చును జేబులో వేసుకెళ్లి, అడాప్టరు మరను దాని పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.