మూడుల్‌లో పీవోలు మార్చడం: వాడి చూసిన వాళ్ల మాట

కాలేజీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్లు ఇంజినీరింగ్‌కి పీవోలు (ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్, అంటే చదువు ముగిసేసరికి విద్యార్థికి రావాల్సిన నైపుణ్యాలు) 12 నుంచి 11 చేశాక మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఒకటే టెన్షన్, పాత బ్యాచ్ డేటా ఏమైపోతుందా అని. నేనైతే ఈ మార్పుని మూడుల్‌లో (ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) కాంపిటెన్సీ ఫ్రేమ్‌వర్క్‌తో, అంటే పీవోల లిస్టుతో చేశా, చాలా బాగా పనిచేసింది అండి.

పాత ఫ్రేమ్‌వర్క్‌ని డూప్లికేట్ చేసి కొత్తదాన్ని ఎడిట్ చేసుకోవచ్చు, పాతదాన్ని ముట్టుకోనక్కర్లేదు. తర్వాత కోర్సులను పాత లిస్టు నుంచి కొత్తదానికి మార్చే మైగ్రేట్ ఫ్రేమ్‌వర్క్స్ అని ఒక టూల్ ఉంది, దాంట్లో ఫలానా తేదీ నుంచి మొదలయ్యే కోర్సులకే మార్చు అని పెట్టొచ్చు, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, పాత సెమిస్టర్లు అలాగే ఉంటాయి.

కానీ ఒక్కటి జాగ్రత్త. ఆ టూల్ ప్రతి పీవోకి మనం ఇచ్చిన ఐడీ నంబర్ చూసి పాతదాన్నీ కొత్తదాన్నీ జత కలుపుతుంది. పాత లిస్టులో ఎథిక్స్ పీవో8, కొత్తదాంట్లో పీవో7. ఇప్పుడు పీవో8 అంటే టీమ్ వర్క్. నంబర్లనే ఐడీగా పెట్టుకుంటే ఎథిక్స్‌కి లింక్ చేసిన అసైన్‌మెంట్ వెళ్లి టీమ్ వర్క్ కింద కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు! అందుకే రెండిట్లోనూ ఐడీ ‘ఎథిక్స్’ అని పేరుతోనే పెట్టండి. పాత 6, 7 కలిసి ఒకటయ్యాయి కాబట్టి అవి మాత్రం చేత్తో సరిచూసుకోవాల్సిందే.

నా రేటింగ్ 5కి 4.