సింగపూర్ అడ్మిరాల్టీలో అమ్మ నడిచిన తోట

అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నాన్న పోయాక ఒంటరిగా ఉండలేనంటే, కోయంబత్తూరు దగ్గర పెద్దవాళ్ల కోసం కట్టిన ఒక కాలనీలో మూడు రోజులు ఉండి చూద్దామని ఫిబ్రవరిలో వెళ్లాం. ఇద్దరికీ భోజనంతో కలిపి రోజుకు 4,200 రూపాయలు.

బ్రోచర్ నిండా ‘ప్రకృతి ఒడి’ అన్న మాటే. తీరా చూస్తే లాబీలో సిమెంటు చెట్టు, గోడకు ఆకుల వాల్‌పేపర్. అసలు తోట వెనకాల ఉంది, దిగాలంటే పదకొండు మెట్లు. నున్నటి గ్రానైటు, పొద్దున్నే కడిగిన తడి, రెయిలింగ్ ఒకవైపే. అమ్మ రెండో మెట్టు మీదే ఆగిపోయింది. ‘‘నువ్వు చూసి రా నాన్నా, నేనిక్కడే ఉంటా’’ అంది. కూర్చోడానికి అక్కడ చిన్న బల్ల కూడా లేదు. గది కిటికీ తీస్తే జనరేటర్ షెడ్డు! తోటవైపు గదికి నెలకు ఆరు వేలు ఎక్కువట. నాకు ఒళ్లు మండిపోయింది. రెండో రోజే వచ్చేశాం, మూడో రోజు డబ్బు వెనక్కివ్వలేదు.

ఏప్రిల్‌లో సింగపూర్‌లో అక్క దగ్గరికి వెళ్లాం. సెంటోసా దీవి, పార్కులు అన్నీ బాగానే గడిచాయి. నేను చెప్పాల్సింది అడ్మిరాల్టీ మెట్రో స్టేషన్ పక్కనున్న కాంపుంగ్ అడ్మిరాల్టీ గురించి. కాంపుంగ్ అంటే మలయ్‌లో పల్లె. వోహా అనే ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్ చేసిన ఈ కట్టడానికి 2018లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి వచ్చింది. రెండెకరాల పైచిలుకు స్థలంలోనే ఒకదాని మీద ఒకటి పేర్చారు: కింద గాలాడే పెద్ద అరుగులాంటి జాగా, ఆపైన తిండి దుకాణాలు, వైద్య కేంద్రం, వాటి మీద అంచెలంచెలుగా తోట. 11 అంతస్తుల రెండు బ్లాకుల్లో పెద్దవాళ్లకు 104 ఇళ్లు. పసిపిల్లల కేంద్రం కూడా అక్కడే.

తోటకు లిఫ్టులో వెళ్లాం. టికెట్ లేదు. అమ్మ నా చెయ్యి వదిలేసి నడిచింది! మడుల దగ్గర కరివేపాకు కనిపిస్తే ఆకును వేళ్లతో రుద్ది వాసన చూసింది. నీళ్లు పోస్తున్న చైనా అవ్వ ఏదో అడిగితే, అమ్మ తెలుగులోనే జవాబిచ్చింది. ఇద్దరూ బెంచీ మీద అరగంట కూర్చున్నారు. మోకాళ్ల మాటే ఎత్తలేదు. కింద టోస్టు, టీలు, నూడుల్స్ కలిపి 8.60 సింగపూర్ డాలర్లు. వెళ్లేవాళ్లు సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి, మధ్యాహ్నం ఉక్కపోత.

అమ్మ కోసం ఇంకా వెతుకుతున్నాం. ఇకమీదట ఎక్కడికెళ్లినా ముందు మంచం మీద పడుకుని కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూస్తాను. తర్వాత అమ్మను గది నుంచి తోటదాకా నడిపిస్తాను. అడ్వాన్సు మాట ఆ తర్వాతే.