నోరు మెదపని కుక్కను ‘శిక్షణ పొందింది’ అని అప్పగించారు: తిరుపతిలో కుక్కలను వసతికి వదిలేవారికి హెచ్చరిక

తిరుపతిలో కుక్కలను పెంచుకునే వారెవరైనా ఊరికి వెళ్తూ తమ కుక్కను డబ్బులు తీసుకునే వసతి కేంద్రంలో వదలాలనుకుంటే, దయచేసి ముందు ఇది చదవండి. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ పచ్చిక మైదానం, రాత్రింబవళ్లు పర్యవేక్షణ, ఇంటి భోజనం అంటూ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆ ప్రకటనను మీలో చాలామంది చూసే ఉంటారు.

నాన్నగారి ఆపరేషన్ కోసం ఈ వేసవిలో మేమందరం వేలూరు వెళ్లి, అక్కడే వారాల తరబడి ఉండవలసి వచ్చింది. మా కుక్క కర్రోణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగలలేదు. వాడు నాటు కుక్క, బైరాగిపట్టెడలో మా వీధిలోనే పుట్టి, పిల్లగా ఉన్నప్పుడే మా ఇంటికి చేరినవాడు. వాడి టీకాల కార్డు ఇచ్చాం. ఏం తింటాడో, ఎప్పుడు బయటికి వెళ్తాడో, చేతిలో కర్ర చూస్తే ఎంత భయపడతాడో అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాం. అడిగిన సొమ్ము మొత్తం ముందే చెల్లించాం.

తిరిగి తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు జరిగింది ఇంకా నా కళ్ల ముందే ఉంది. మా స్కూటర్ చప్పుడు వీధి మలుపులో వినిపిస్తే చాలు, వాడి మొరుగుడుకు వీధి వీధంతా లేచేది. అలాంటివాడు గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచినా కదలలేదు. రేకుల షెడ్డు మూలలో, పడుకోవడానికి కూడా చాలనంత పొట్టి ఇనుప గొలుసుకు కట్టేసి ఉన్నాడు. తోక కడుపు కిందికి ముడుచుకుపోయి, చెవులు వెనక్కి అంటుకుపోయి, తల పక్కకు తిప్పుకొని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూశాడు. నేను చేయి చాచగానే నేలకు అణిగిపోయి అక్కడే మూత్రం విడిచాడు. నన్ను చూసి. వాడికి అన్నం కలిపి పెట్టే నా చేతిని చూసి.

ఆ కేంద్రం యజమాని నా పక్కనే నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో బెరుకు లేదు, తప్పు చేశామన్న భావన అసలే లేదు. “చూశారా మేడం, వచ్చినప్పుడు ఒకటే మొరుగుడు, ఇప్పుడు నోరెత్తదు. బాగా లైన్లో పెట్టినాం,” అని గొప్పగా చెప్పి, దానికి శిక్షణ రుసుము విడిగా ఇవ్వమన్నాడు. మేము శిక్షణ అడగనే లేదు. వాడిని ఏం చేశారని నిలదీస్తే అతను అన్న మాట నేను బతికున్నంత కాలం మరచిపోను: “వీధి కుక్కే కదా మేడం, దీనికి మనసూ గినసూ ఏముంటాయి? దెబ్బకు దారికొస్తుంది.” నేను గట్టిగా మాట్లాడేసరికి, అంత ప్రేమ ఉంటే వేలూరికి వెంటబెట్టుకుని పోవాల్సింది అని, ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన మా నాన్నగారి ముందే అన్నాడు.

కుక్క మౌనాన్ని క్రమశిక్షణగా చూపించి డబ్బు అడిగేవాడి చేతికి ఏ ప్రాణినీ అప్పగించకూడదు. నేర్చుకున్న కుక్కకూ, అణగారిపోయిన కుక్కకూ తేడా దాని ఒంటి తీరులోనే తెలిసిపోతుంది. కూర్చోమంటే కూర్చోవడం ఇష్టంగా నేర్చుకున్న కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, మనిషి ముఖంలోకి చూస్తుంది, తర్వాత ఏం చేయాలో చెప్పమన్నట్టు ఎదురుచూస్తుంది. భయంతో ఆగిపోయిన కుక్క బిగుసుకుపోతుంది, చూపు తప్పిస్తుంది, ఎదురుగా తిండి లేకపోయినా పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, పెట్టింది ముట్టదు. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కలకు తప్పించుకోలేని విధంగా కరెంటు షాకులు ఇచ్చి చూసినప్పుడు, ఆ తర్వాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా చాలా కుక్కలు ప్రయత్నమే మానేసి పడి ఉన్నాయి. ఆ ప్రయోగాలు క్రూరమైనవే, కానీ తప్పించుకోలేని దెబ్బలు తిన్న ప్రాణి చివరికి ఎదురుతిరగడం కూడా మానేయవచ్చని అవి చూపించాయి. ఆ షెడ్డు మూలలో నేను చూసింది ఆ స్థితినే, ఆ మనిషి డబ్బు అడిగింది దానికే.

ఇందులో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. గుర్రుమనడం, మొరగడం కుక్క మనకు ఇచ్చే ముందస్తు హెచ్చరికలు. వాటిని కొట్టి మాన్పిస్తే లోపలి భయం అలాగే ఉండిపోతుంది, హెచ్చరిక ఒక్కటే పోతుంది, ఆ తర్వాత ఆ కుక్క ఏ సూచనా లేకుండా కరవవచ్చు. మా అక్క పిల్లలు వాడి మీద పడి ఆడుకునేవారు. ఇప్పుడు వాళ్లను దగ్గరికి పంపడానికి కూడా ఆలోచించవలసి వస్తోంది.

మేము వేలూరులో ఉన్నన్నాళ్లూ వాళ్లు ఫోటోలు పంపుతూనే ఉన్నారు. అన్నీ ముఖం మాత్రమే కనిపించేలా దగ్గరగా తీసినవే, నాలుక బయటపెట్టిన ఫోటో కింద ‘నవ్వుతున్నాడు’ అని రాసేవారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే ప్రధానంగా వేడిని బయటికి పంపుకుంటుంది. తిరుపతి ఎండాకాలంలో రేకుల కింద కట్టేసిన కుక్క నాలుక వేలాడేస్తే అది ఎండకు తల్లడిల్లడమే. మొత్తం ఒళ్లు కనిపించేలా వీడియో పంపమని అడిగిన ప్రతిసారీ సిగ్నల్ లేదన్నారు. అక్కడ పనిచేసే ఒక కుర్రవాడు మేము బయలుదేరుతుంటే వెనకే వచ్చి, “పొద్దుగూకులూ కట్టేసే ఉంటాదక్కా, అన్నం ఒక్కటే పెడతారు” అని చెప్పాడు. ఆ బిడ్డ మీద నాకు కోపం లేదు, నిజం చెప్పినవాడు వాడొక్కడే.

అక్కడి నుంచి నేరుగా పశువైద్యుల దగ్గరికి వెళ్లాం. గొలుసు ఒరిసి మెడ చుట్టూ పచ్చి పుండు పడింది, చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు గుత్తులుగా పట్టాయి, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉంటుంది, వాడికి 104 దాటింది. చిగుళ్లు పాలిపోయి ఉండటం చూసి డాక్టరుగారు వెంటనే రక్తపరీక్ష చేయించారు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. గోమారు కాటు ద్వారా వచ్చే ఎర్లీకియా జ్వరం అని తేలింది. డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు ఆపకుండా వాడాలని, మధ్యలో హుషారు వచ్చినట్టు కనిపించినా మానకూడదని చెప్పారు. జ్వరం మాత్రలకు తగ్గుతోంది. మనసుకు మాత్రలు లేవని, వాడికి మళ్లీ నమ్మకం కలిగేదాకా బలవంతంగా ఎత్తుకోవద్దని, మీద వంగి నిమరవద్దని, కళ్లలోకి గుచ్చి చూడవద్దని ఆయన చెప్పారు. అందుకే ఇప్పుడు నేను పక్కకు తిరిగి నేల మీద కూర్చుంటున్నాను, వాడంతట వాడే వచ్చి వాసన చూసేదాకా చేయి కదపడం లేదు. రోడ్డు వేడెక్కకముందే తెల్లవారుజామున తీసుకెళ్లి, వాడికి నచ్చిన చోట నచ్చినంతసేపు వాసన చూడనిస్తున్నాం. తిండి, నడక, నిద్ర రోజూ ఒకే వేళకు జరిగేలా చూస్తున్నాం, ఎందుకంటే తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిన కుక్కకు భయం తగ్గుతుంది. నిన్న మంచం కింది నుంచి తల బయటపెట్టాడు. పొయ్యి మీద చీపురు పడిన చప్పుడుకు మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

చట్టం ఏమంటుందో చదివాక నా కోపం ఇంకా పెరిగింది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టడం, అసమంజసంగా పొట్టిదైన లేదా బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం నేరం. కానీ మొదటిసారి చేసిన నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. మా దగ్గర వసూలు చేసిన దాని ముందు అది వాళ్ల ఒక్క పూట టీ ఖర్చంత కూడా కాదు. అయినా పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు తీసుకుని చెప్పిన సేవ చేయలేదు కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు కూడా వెళ్తున్నాం, అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము ఉండదు.

మీరు ఎక్కడ వదలదలచుకున్నా, చెప్పకుండా ఒకసారి వెళ్లి కుక్కలు రాత్రి పడుకునే చోటు చూపించమనండి, చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. అక్కడున్న కుక్కల తోకలూ, మెడలూ గమనించండి. రోజూ ఒళ్లంతా కనిపించే వీడియో పంపాలని, మొరిగినా కొట్టకూడదని, జబ్బు చేస్తే మీ డాక్టరుకే చూపించాలని కాగితం మీద రాయించుకోండి. వీలైతే వాడికి తెలిసిన మనిషినే మీ ఇంట్లో ఉంచండి. ఇదే చోట మీ కుక్కకూ ఇలా జరిగి ఉంటే బిల్లు, ఫోటోలు, డాక్టరు చీటీ పారేయకుండా దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ ప్రకటన మళ్లీ ఏ గ్రూపులోనైనా కనిపిస్తే దాని కింద ఇది పెట్టండి.