ఫోన్‌కి తగిలించే షుగర్ మెషిన్, రెండేళ్లు వాడాక

అమ్మ కావలిలో ఒక్కతే ఉంటుంది, నేను చెన్నైలో. ఈ చిన్న మెషిన్ కొన్నది ఆ దూరం కోసమే. అమ్మ పరగడుపున వేలికి గుచ్చుకుంటే ఆరున్నరకల్లా ఆ నంబరు నా ఫోన్‌లో ఉంటుంది. అది ఎంతైనా సరే, అమ్మ లేచింది, తిరుగుతోంది అని తెలిసిపోతుంది. ఈ సుఖం కోసం స్ట్రిప్పుల ఖర్చు ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

కోపం వచ్చింది మొన్న మే నెలలో. ఒక ఆదివారం సాయంత్రం 412 అని వచ్చింది. యాప్ అంతా ఎర్రగా అయిపోయి, కింద ‘వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి’ అని బటన్. నొక్కితే ఫీజు. అమ్మకి ఎప్పుడూ 200 దాటింది లేదు. నాకు చేతులు వణికాయి. ఫోన్ చేస్తే "నాకేం కాలేదు నాయనా, బాగానే ఉండా" అంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్లమని పక్కింటి మామను బతిమాలాను. ఆయన ఆటో పిలిచాక గానీ ఏం తిన్నావని అడగాలని తోచలేదు.

"ఏం తిన్లేదురా. పక్కింటి పిల్లోళ్లకి బంగినపల్లి కాయలు తొక్క తీసి కోసిచ్చినా, అంతే."

చేతులు కడుక్కున్నావా అంటే, స్పిరిట్ దూదితో వేలు తుడుచుకుందట. సబ్బుతో కడుక్కుని, తడి ఆరాక మళ్లీ చూడమన్నాను. 163. ఆటో అతనికి డబ్బులిచ్చి పంపించేశారు.

స్ట్రిప్ పీల్చుకునే రక్తం చాలా కొంచెం. వేలికి అంటిన పండురసం అందులో కలిస్తే, ఆ చక్కెర ఎక్కడిదో మెషిన్‌కి తెలియదు. స్పిరిట్‌తో తుడిచినంత మాత్రాన అది పోదు కూడా. కాబట్టి మెషిన్‌ని ఏమీ అనను. నా బాధ యాప్ మీద. అమ్మ పాత రీడింగులన్నీ దాని దగ్గరే ఉన్నాయి. ఎన్నడూ లేని నంబరు వచ్చినప్పుడు ‘చేతులు కడుక్కుని ఇంకోసారి చూడండి’ అనే మాట కూడా చూపించాలి కదా? రెండుసార్లు రాశాను. సూచన నమోదు చేసుకున్నామన్నారు. ఇప్పటికీ అదే ఎర్ర స్క్రీన్, అదే బటన్.

కొన్న కొత్తలో "ఇంక ల్యాబ్ అక్కర్లేదు" అని చుట్టాలందరికీ చెప్పాను. అంత అనకుండా ఉండాల్సింది. ఇంట్లో వాడే మీటర్లకున్న ఐఎస్‌ఓ ప్రమాణమే, 100 పైన రీడింగుల్లో 15 శాతం అటూ ఇటూ తేడాని ఒప్పుకుంటుంది. ల్యాబ్‌లో 160 ఉంటే ఇక్కడ 140 చూపించినా, 180 చూపించినా తప్పు కిందికి రాదు. అందుకే గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకోసారి ల్యాబ్‌లోనే చేయిస్తున్నాం. స్ట్రిప్పుల డబ్బా మీద 30 డిగ్రీలు దాటకూడదని ఉంది. మే నెలలో కావలిలో ఆ చల్లదనం ఎక్కడి నుంచి తేవాలి? బీరువాలో కింది అర దానికే వదిలేశాం.

పెద్దవాళ్లు మీతోనే ఉంటే మెడికల్ షాపులో దొరికే మామూలు గ్లూకోమీటర్ చాలు. మాలాగా తలో ఊళ్లో ఉండి, అమ్మకి స్మార్ట్‌ఫోన్ వాడటం వస్తే తీసుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అమ్మ ఫోన్ మార్చినప్పుడు పాత మెషిన్ పిన్ పట్టలేదు, కొత్త మెషిన్ కొనాల్సి వచ్చింది.