చేతి పనిముట్లా, కరెంటు మిషన్లా? సరదాకి చెక్కపని మొదలుపెట్టేవాళ్ళకి ఏది మేలు

చెక్కపని నేర్చుకోవాలని ఉబలాటపడేవాళ్ళు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: ఉలీ రంపమూ కొనాలా, డ్రిల్లూ కట్టరూ కొనాలా? నేను నెల్లూరులో ఉంటాను. ఉద్యోగం అయ్యాక మేడ మీద రేకుల కింద కూర్చుని పీటలూ, అల్మరా అరలూ, గరిటెలూ చేసుకుంటాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది చేతి పనిముట్లే మేలు, వాటికి తోడు ఒక్క డ్రిల్ మిషను చాలు. పెద్ద కోతలు సామిల్లుకి వదిలేయండి. అయితే మిషన్ల వైపు ఉన్న న్యాయం చిన్నదేమీ కాదు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

అంగుళం మందం, నాలుగడుగుల పొడుగు ఉన్న టేకు పలకని నిలువునా చీల్చాలంటే, చేతి రంపంతో అలవాటు లేనివాడి భుజం పడిపోతుంది. గీత తప్పకుండా కోయడం ఇంకా కష్టం. గుండ్రటి బ్లేడు తిరిగే సర్క్యులర్ రంపం పక్కన ఒక బద్దని ఆసరాగా బిగించి తోస్తే నిమిషంలో తెగుతుంది, అంచు కూడా తిన్నగా వస్తుంది. ఎగుడుదిగుడు పలకని కరెంటు చిత్రిక, అదే ప్లానరు, నాలుగు తోపుల్లో చదును చేస్తుంది. ధరలు కూడా బెదిరించేవి కావు. రెండు మూడు వేలు పెడితే పనికొచ్చే డ్రిల్లు వస్తుంది. మంచి జపాను ఉలి ఒక్కటే అంతకి పోతుంది. అందుకే ఇవాళ నెల్లూరులో అయినా ఒంగోల్లో అయినా ఇంటికి పని చేయడానికి వచ్చే వడ్రంగి ఆచారి బండి మీద సంచీలో మార్బుల్ కట్టరు, ప్లానరు, డ్రిల్లు ఉంటాయి. ఉలి అడుగున ఎక్కడో ఉంటుంది.

మా ఇంటి తలుపులు సరిచేసిన ఆచారిని ఒకసారి అడిగాను, "చిత్రిక పట్టడం మానేశారేంది ఆచారి గారూ?" అని. "నాకు కూలి గిట్టాలి గదా సార్, మీకేం తొందర?" అన్నాడు. నా మటుకు నాకు ఈ పోలిక అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. మిషను ఇచ్చే మొదటి లాభం వేగం. పొట్టకూటికి చేసేవాడికి అది ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు తనకోసం దాచుకున్నవాడు దాన్ని ఏం చేసుకుంటాడు? పని త్వరగా తెమిలితే సరదా కూడా అంత త్వరగానే అయిపోతుంది.

ఆ వేగానికి ఇల్లు చెల్లించే మూల్యం ఉంది. మేడ మీద కట్టరు ఆన్ చేస్తే వీధి చివరి దాకా వినిపిస్తుంది. మే నెలలో అన్నాలు తిని తలుపులు మూసుకుని పడుకునే వేళ ఆ మోత పెడితే పక్కింటివాళ్ళు రెండు ఆదివారాలు ఓర్చుకుంటారు, మూడో ఆదివారం తలుపు కొడతారు. మిషను లేపే పొట్టు పొడి అంతకంటే పెద్ద సమస్య. ఉలి రాల్చే పేళ్ళని చీపురుతో ఊడ్చి పారేయొచ్చు. ఉప్పు కాగితంతో రుద్దే మిషను, అంటే శాండరు, లేపేది మెత్తటి పిండి, అది గంటల తరబడి గాలిలో ఉంటుంది, ఊపిరితిత్తుల దాకా పోతుంది. చెక్క పొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చి, మొదటి గ్రూపులో పెట్టింది. రోజంతా ఆ పనిలో ఉండేవాళ్ళ మీద చేసిన పరిశీలన అది. కానీ గాలి ఆడని గదిలో, పిల్లలు తిరిగే ఇంట్లో, ఆ పొడి లేపడానికి నాకు మనసొప్పదు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. ఇనుము కోసే నాలుగంగుళాల గ్రైండరుకి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించి వాడొద్దు. చాలా చోట్ల చూస్తుంటాను, చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. అది నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. బ్లేడు చెక్కలో ఇరుక్కున్న క్షణంలో మిషను మొత్తం మన వైపు ఎగిరి వస్తుంది. ఒంటి చేత్తో పట్టుకునే వీలుండే ఆ పనిముట్టుని ఆపే బలం ఎవరికీ ఉండదు. ఉలితో కూడా చెయ్యి తెగుతుంది, కానీ ఉలి మనం తోసినంతే పోతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొన వెనకాలే ఉండాలన్న ఒక్క నియమం పాటిస్తే చాలావరకు గాయాలు తప్పుతాయి.

ఇప్పుడు చేతి పనిముట్ల సంగతి. చిత్రిక పట్టడం దగ్గర్నుంచి చూడండి. పలకని గోడకి ఆనించిన బల్ల మీద పెట్టి, చిత్రికలో బ్లేడుని కనపడీ కనపడనంత బయటికి దించి, ముందు చేత్తో నొక్కుతూ మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి బరువంతా వెనక చేతికి మార్చాలి. సరిగ్గా పడితే శబ్దం ఒకే తీరుగా, పట్టుచీర మడత విప్పినట్టు వస్తుంది. చిత్రిక నోట్లోంచి పలుచటి పొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది, వెలుతురులో పెడితే అవతల వేళ్ళు కనిపిస్తాయి. చెక్క మీద ఉప్పు కాగితం ఎంత రుద్దినా రాని నిగారింపు అక్కడ ఉంటుంది. ఉప్పు కాగితం చెక్క నారని గీకుతుంది, చిత్రిక కోస్తుంది. టేకు మీద ఈ తేడా పాలిష్ వేయకముందే కంటికి తెలుస్తుంది.

అదే పలకని తిప్పి ఎదురు నారన తోయండి. చెయ్యి ముందు ఆగుతుంది, శబ్దం బొంగురుపోతుంది, పేళ్ళు చిన్న చిన్న ముక్కలై రాలతాయి, అక్కడ చెక్క చిరిగి గరుకు తేలుతుంది. నార ఎటు వాలి ఉందో, కొమ్మ ముడి చుట్టూ ఎలా తిరిగిందో, నడిమి గట్టి చెక్క, అంటే చేవ, ఎక్కడ మొదలైందో, ఇవన్నీ అరచేతికే తెలుస్తాయి. మిషను ఆ మోతలో ఇవేవీ మనదాకా రానివ్వదు. నాకు ఈ పని మీద ఉన్న ఇష్టంలో పెద్ద పాలు ఇదే. నేను చెయ్యమన్నదానికి చెక్క ఒప్పుకుందో లేదో వెంటనే చెబుతుంది, నేను దిశ మార్చుకుంటాను.

రంపం విషయంలో మన పాత పద్ధతి కొత్తవాళ్ళకి బాగా కలిసొస్తుంది. మన ఆచారుల పాత రంపాలకి పళ్ళు పిడి వైపు తిరిగి ఉండేవి, లాగినప్పుడు కోసేవి. జపాను రంపాలూ అంతే. లాగేటప్పుడు రేకు బిగుసుకుని తిన్నగా నిలుస్తుంది కాబట్టి రేకు పలుచగా ఉండొచ్చు, కోత సన్నగా పడుతుంది. తోసి కోసే రంపం రేకు మందంగా లేకపోతే వంగుతుంది. మా నాన్న కాలంలో పల్లెల్లో నేల మీద గొంతుక్కూర్చుని, పలకని పాదాలతో అదిమి పట్టి, రంపాన్ని తమ వైపు లాక్కుంటూ పని చేసేవాళ్ళు. దాంట్లో గొప్ప సౌకర్యం ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు బెంచీ కోసం ఆగక్కర్లేదు. ఒక చాప, పలకని బిగించి పట్టే క్లాంపులు రెండు, అడుగున పెట్టుకోను ఒక బరువైన దుంగ ఉంటే చాలు.

చేతి పనిముట్లకి నిజమైన లోటు సాన పట్టడం. దుకాణంలో కొన్న ఉలి పదునుగా ఉండదు. వెనక వైపు అద్దంలా చదును చేసి, అంచుని 25 డిగ్రీల వాలుకి తెచ్చి, కొసన 30 డిగ్రీల సన్నటి రెండో వాలు తీయాలి. మామూలు పనికి 1000 నంబరు రాయి, మెరుగుకి 6000, ఆఖరికి తోలు ముక్క. పదును వచ్చిందో లేదో చూడ్డానికి గోరు మీద, వెంట్రుకల మీద ప్రయోగాలు వద్దు. మెత్తటి చెక్క ముక్క తెగిన కొసని ఉలితో చెక్కి చూడండి. నలగకుండా నున్నగా తెగితే సరి. ఈ ఓపిక లేనివాళ్ళకి చేతి పనిముట్లు పనికిరావు. మొండి ఉలితో పని విసుగు, పైగా బలం ఎక్కువ పెట్టాల్సి వచ్చి ప్రమాదం కూడా. మిషను అయితే బ్లేడు మార్చుకుంటే సరిపోతుంది. ఇక్కడ మాత్రం మిషనుదే పైచెయ్యి అని ఒప్పుకుంటాను.

ఏ చెక్కతో చేస్తారన్నదాన్ని బట్టి కూడా తీర్పు మారుతుంది. ప్లైవుడ్‌తో కప్‌బోర్డులు చేయాలనుకుంటే నా మాట వినొద్దు, మిషన్లే కొనుక్కోండి. పొరల మధ్య జిగురు ఉలి అంచుని తినేస్తుంది, చేత్తో కోస్తే అంచులు చిట్లుతాయి. వేప మన దగ్గర చవక, దొరకడమూ తేలికే, పురుగు అంత త్వరగా పట్టదు. కానీ దాని నార ఒక పొరలో అటు, ఒక పొరలో ఇటు అల్లుకుని ఉంటుంది. ఎటు చిత్రిక పట్టినా ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. వేప పలక నున్నగా కావాలంటే శాండరు దిగాల్సిందే. నల్లతుమ్మ బండి చక్రాలకీ నాగళ్ళకీ వాడిన చెక్క, గట్టితనంలో దానికి సాటి లేదు, కొత్త చేతులకి మాత్రం వద్దు. ప్రకాశం జిల్లా చేలల్లో ఎక్కడ చూసినా కనిపించే సుబాబుల్, జామాయిల్ కాగితం మిల్లులకి పోయే పంటలు. సుబాబుల్ ముక్క దొరికితే రంపం అలవాటు చేసుకోవడానికి వాడండి, పోయినా బాధ ఉండదు.

నేను ఎవరికైనా చెప్పేది పాత టేకు. పాత పెంకుటిళ్ళు, మిద్దెలు పడగొట్టినప్పుడు దూలాలు, ద్వారబంధాలు పాత కలప అడితీలకి వస్తాయి. దశాబ్దాలు ఎండినది కాబట్టి కొత్తగా వంకర్లు పోయేది తక్కువ. కొత్త పచ్చి పలకని ఎండబెట్టుకోవాలంటే అంగుళం మందానికి ఏడాది అని లెక్క. పాత టేకులో ఒకే ఒక గండం మేకులు. అయస్కాంతం మెల్లగా పలక మీద తిప్పి, తగిలిన చోట సున్నంతో గుర్తు పెట్టి, లాగేశాకే రంపం పెట్టాలి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది, సానరాయి పక్కనే ఉంచుకోండి. ఎర్రచందనం మాత్రం ఎవరు చిన్న ముక్క ఇస్తానన్నా ముట్టుకోకండి. వెలిగొండల్లో పెరిగే ఆ చెట్టుకి చట్టం కాపలా ఉంది, కేసు సరదాకి చేసేవాడి మీద కూడా పడుతుంది.

తుఫాను తర్వాత పరిస్థితి వేరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చి పోయినట్టు, గాలికి వీధిలో చెట్లు పడతాయి. మీ పెరట్లో పడిన చెట్టు కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు చిన్న గొడ్డలితో చెక్కి, కత్తితో దిద్దితే గరిటె అవుతుంది. పచ్చి చెక్క వెన్నలా తెగుతుంది, దుమ్ము అసలే లేవదు. ఈ పనికి ఏ మిషనూ దగ్గరికి రాలేదు. చెంచాల పనితనం చూడాలంటే మా నెల్లూరు జిల్లా ఉదయగిరి పోండి. అక్కడి చెక్క చెంచాలు, గరిటెలకి భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కల్ని వాడతారు. ఒక చెంచా కొని, గిన్నె కాడని కలిసే చోట వేలు పెట్టి చూడండి. అక్కడ మందం ఎంత ఉంచారో, ఎక్కడ తగ్గించారో గమనిస్తే, మీరు చెక్కే మొదటి గరిటెకి అదే పాఠం.

కొనే వరస ఇలా పెట్టుకోవచ్చు. లాగి కోసే రంపం ఒకటి, అర అంగుళం, అంగుళం ఉలులు రెండు, మధ్యరకం చిత్రిక, మూల సరిగ్గా ఉందో చూసే మూలమట్టం, రెండు వైపులా వాడుకునే సానరాయి, క్లాంపులు, కొయ్య సుత్తి. ఆపైన వేగం తగ్గించుకునే వీలున్న డ్రిల్లు. చేత్తో తిప్పే బరమాతో బెజ్జం వేయడంలో నాకు ఆనందం ఏమీ కనపడలేదు, డ్రిల్లు మోత కూడా తక్కువే. దుంగనో దూలాన్నో సామిల్లుకి తీసుకుపోయి, కావాల్సిన మందానికి పలకలుగా కోయించి, అక్కడే ప్లానింగ్ కూడా చేయించుకోండి. మేకులు తీసిన పాత చెక్క అని ముందే చెప్పాలి, ఒక్క మేకు మిగిలిపోయినా వాళ్ళ బ్లేడు పోతుంది. లక్షలు పెట్టే మిషను పనిని ఆ పూటకి అద్దెకి తెచ్చుకున్నట్టే. ఇంటికొచ్చాక మిగిలేదంతా బెజ్జంలో దూరే కుసులు తీయడం, బెజ్జాలు తొలవడం, అతకడం, నునుపు చేయడం. చేతికి రుచి తగిలే పనంతా అక్కడే ఉంది.

మొదటి వస్తువుగా పీట చేయండి. పైన వెడల్పు పలక, కింద అడ్డంగా రెండు కాళ్ళ బద్దలు. మన దగ్గర నవంబరు వానలకి తలుపులు బిగుసుకుపోయి, మేలో మళ్ళీ వదులవుతాయి కదా, పీట పలక కూడా అలాగే వెడల్పులో పెరిగి తరుగుతుంది, పొడుగులో దాదాపు మారదు. కాబట్టి పలకని బద్దలకి ఫెవికాల్‌తో ఆ చివర నుంచి ఈ చివర దాకా అంటించేస్తే రెండు కాలాలు తిరిగేసరికి చీలుతుంది. మధ్యలో స్క్రూని మామూలుగా బిగించి, రెండు పక్కలవీ బద్దలో కాస్త పొడుగు చేసిన బెజ్జాల్లోంచి బిగిస్తే పలక మెదలడానికి చోటు ఉంటుంది.

కనిగిరి, పొదిలి వైపు చేలో షెడ్డు ఉండి, చుట్టుపక్కల ఇళ్ళు లేనివాళ్ళు, పెద్ద మంచాలూ బల్లలూ చేయాలనుకునేవాళ్ళు, భుజం నొప్పి ఉన్నవాళ్ళు మిషన్లతోనే మొదలుపెట్టొచ్చు. వాళ్ళకి నా సలహా ముందు సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్‌సా, తర్వాత సర్క్యులర్ రంపం. జిగ్‌సా నిదానంగా కోస్తుంది, వెనక్కి ఎగరడం తక్కువ. బిల్లు వేయించే రోజే కళ్ళద్దాలు, చెవులకి మఫ్‌లు, సన్నటి పొడిని ఆపే మాస్కు కూడా అదే బిల్లులో రాయించండి. చేతికి తొడుగులు మాత్రం తిరిగే బ్లేడు దగ్గర వేసుకోవద్దు, బట్ట చిక్కుకుంటే చేతిని లోపలికి లాగేస్తుంది.