ఎల్‌ఈడీ ఇండికేటర్లకు అడ్జస్టబుల్ ఫ్లాషర్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

కంపెనీ ఇచ్చిన బల్బు ఇండికేటర్లను తీసేసి, బయట దొరికే సన్నటి ఎల్‌ఈడీ ఇండికేటర్లను బిగించుకున్నవారిలో చాలామందికి మొదటి రోజే ఒక చిక్కు ఎదురవుతుంది. స్విచ్ నొక్కగానే అవి టకటకా, లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా కొట్టడం మొదలుపెడతాయి. ఈ చిక్కుకు నేను ఎంచుకున్న మందు, వేగాన్ని మనమే సరిచేసుకునే వీలున్న మూడు పిన్నుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న పెట్టె). దాన్ని నా 150 సీసీ బండిలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, కోఠి, నాంపల్లి మీదుగా మెహదీపట్నం దాకా నా రోజువారీ దారి కాబట్టి, ఎండ, వాన, గుంతలు, ట్రాఫిక్ అన్నీ ఆ ఫ్లాషర్‌కు బాగానే తగిలాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: విడిగా ఫ్లాషర్ ఉన్న ఏ బండికైనా ఇదే సరైన దారి. అయితే దీనివల్ల పోయే సౌకర్యం కూడా ఒకటుంది, దాని గురించి అమ్మేవాళ్లు నోరెత్తరు.

వేగం పెరగడానికి కారణం ఎల్‌ఈడీలలో లేదు, ఫ్లాషర్‌లో ఉంది. మన బైకుల్లో ఎక్కువగా ఒక్కో ఇండికేటర్‌కు 12 వోల్టుల 10 వాట్ల బల్బు ఉంటుంది. ముందొకటి, వెనకొకటి కలిపితే ఒక పక్కన 20 వాట్లు, అంటే ఇంచుమించు 1.7 ఆంపియర్ల కరెంటు ఫ్లాషర్ గుండా పోతుంది. కంపెనీ బిగించి ఇచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ లోపల ఆ కరెంటు దారిలోనే అతి తక్కువ విలువ గల రెసిస్టెన్స్ ఒకటి ఉంటుంది. దాని రెండు కొసల మధ్య ఏర్పడే వోల్టేజీని చిప్ గమనిస్తూ, అది ఒక హద్దు కంటే తగ్గిందంటే ఏదో ఒక బల్బు మాడిపోయిందని లెక్కగట్టి, కొట్టే వేగాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. బండి మీద కూర్చున్నవాడికి వెనక బల్బు కనపడదు కాబట్టి, అది పోయిందని తెలియజెప్పడానికి కావాలని పెట్టిన ఏర్పాటు అది. ఎల్‌ఈడీలు ముందువీ వెనకవీ కలిపినా సాధారణంగా మూడు నాలుగు వాట్లకు మించవు. కొత్త దీపాలు రెండూ ధగధగా వెలుగుతున్నా, కరెంటును మాత్రమే చూసే ఫ్లాషర్ దృష్టిలో బల్బు పోయినట్టే. ఇంకా పాతకాలపు బండ్లలో వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసే ఫ్లాషర్లు ఉండేవి. వాటిలో కథ తిరగబడుతుంది: పట్టీని వేడెక్కించేది ఆ కరెంటే కాబట్టి, ఎల్‌ఈడీలు పెడితే అవి నిదానిస్తాయి, లేదా అసలు కొట్టవు. మందు మాత్రం రెంటికీ ఒకటే.

"కొడితే కొట్టనీ, వెలుగుతోంది కదా" అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 102వ నియమం ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120 సార్లకు మించకుండా వెలిగి ఆరాలి. మామూలుగా 85 దగ్గర కొట్టేది రెట్టింపైతే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. నియమం సంగతి అటుంచినా, లక్డీకాపూల్ రద్దీలో ఆ వేగంతో కొట్టే దీపం వెనకవాడికి మలుపు సంకేతంలా కాక అలంకారపు దీపంలా కనిపిస్తుంది. మన ఊళ్లో బండ్ల మీద అలంకారపు దీపాలకు కొదవ లేదు కాబట్టి, దాన్ని చూసి వేగం తగ్గించేవాళ్లు తక్కువే.

డబ్బు పెట్టే ముందు అసలు కారణం లోడు, అంటే దీపాలు లాగే కరెంటు, తగ్గడమేనా అన్నది తేల్చుకోవాలి. రెండు పక్కలా ఒకేలా వేగంగా కొడుతుంటే లోడే కారణమని దాదాపుగా అనుకోవచ్చు. ఒక్క పక్కనే అయితే ఫ్లాషర్ మార్చి లాభం లేదు. ఆ పక్కన ఒక దీపం వెలగడం లేదేమో, ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే కనెక్షన్) వదులైందేమో, వైరింగ్‌లో ఎక్కడైనా జాయింటు ఊడిందేమో చూడాలి. నిర్ధారణకు సులువైన పరీక్ష ఒకటుంది. ఎల్‌ఈడీలను అలాగే ఉంచి, తీసేసిన పాత ఇండికేటర్లు రెండింటినీ ఒక పక్క వైర్లకు తాత్కాలికంగా కలిపి స్విచ్ నొక్కాలి. వేగం మామూలైందంటే వైరింగ్‌లో ఏ లోపమూ లేనట్టే.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. మెకానిక్కుల దగ్గరికి వెళితే ఎక్కువమంది చెప్పేది లోడు రెసిస్టర్లు పెట్టమని. బంగారు రంగు అల్యూమినియం తొడుగులో వచ్చే 10 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఎల్‌ఈడీకి సమాంతరంగా కలిపితే, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఉండే 13.5 వోల్టుల దగ్గర అది 18 వాట్ల చొప్పున కరెంటును తాగేసి, పాత బల్బులు ఉన్నాయని ఫ్లాషర్‌ను నమ్మిస్తుంది. పని జరుగుతుంది, కాదనను. కానీ సగం సేపు వెలిగి సగం సేపు ఆరినా, సగటున 9 వాట్ల వేడి ఆ చిన్న ముక్కలో పుడుతూనే ఉంటుంది. ఇంట్లో రేడియో బాగుచేసుకునే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదని గుర్తుంచుకుంటే, 9 వాట్లంటే ఏమిటో అర్థమవుతుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కుడి వైపు తిరగడానికి ఇండికేటర్ వేసుకుని రెండు మూడు నిమిషాలు నిలబడితే చాలు, దాన్ని వేలితో ముట్టుకోలేం. మా ఆఫీసు మిత్రుడి బండిలో దాన్ని వెనక మడ్‌గార్డు లోపల ప్లాస్టిక్ మీద రెండు జిప్ టైలతో కట్టి పంపారు. నేను చూసేసరికి ప్లాస్టిక్ దాని ఆకారంలోనే లోపలికి అచ్చు దిగిపోయి, ఒక జిప్ టై కరిగి తెగి వేలాడుతోంది. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, దానికున్న రెండు రంధ్రాలకు బోల్టులు వేసి ఛాసిస్ ఇనుముకే బిగించాలి, పక్కకు ఒకటి చాలు. నాలుగూ ఒకేసారి అంటగట్టే దుకాణాలున్నాయి. అలా పెడితే ఒక పక్కకు 36 వాట్లు, పాత బల్బుల కంటే ఎక్కువ. ఎల్‌ఈడీలు పెట్టి బ్యాటరీకి భారం తగ్గించామన్న మాటకు అప్పుడు అర్థమే ఉండదు.

అందుకే నేను రెండో దారి, అంటే ఫ్లాషర్‌నే మార్చే దారి పట్టాను. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో ఎల్‌ఈడీ ఫ్లాషర్ అడిగితే, కౌంటర్ వెనకాయన తల ఎత్తకుండానే "రెండు పిన్నులదా, మూడు పిన్నులదా అన్నా?" అన్నాడు. ఆ ప్రశ్నే అసలైనది. రెండు పిన్నుల ఫ్లాషర్‌కు సొంతంగా ఎర్త్ ఉండదు. తాను పనిచేయడానికి కావలసిన కొద్దిపాటి కరెంటును దీపాల గుండానే లాక్కోవాలి. బల్బులతో ఆ సంగతి బయటపడదు గానీ, ఎల్‌ఈడీలకు ఆ పిసరంత కరెంటే చాలు, ఆరవలసిన సమయంలోనూ మసకగా వెలుగుతూ ఉంటాయి. రాత్రిపూట ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మూడు పిన్నుల దానికి ఎర్త్ వేరుగా ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు. నేను తీసుకున్నది మూడు వందల రూపాయల లోపే వచ్చింది. పైన 150 వాట్ల దాకా అని ముద్రించి ఉంది. అంత నల్లపూస సైజు భాగాలున్న దాన్ని ఆ లోడుతో పరీక్షించే సాహసం నేను చేయను, బైకుకు ఆ అవసరమూ లేదు.

బిగించడం కష్టం కాదు, అయితే పిన్నుల వరస చూసుకోవాలి. సైడ్ ప్యానెల్ తీసి పాత ఫ్లాషర్‌కు వైర్లను కలిపే కప్లర్‌ను ఊడదీసి, తాళం ఆన్ చేసి, మల్టీమీటరు పెట్టి చూస్తే ఒక వైరులో బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తుంది. అది బి అని రాసి ఉన్న పిన్నుకు పోవాలి. రెండో వైరు హ్యాండిల్ స్విచ్‌కు వెళ్లేది, అది ఎల్ పిన్నుకు. పాత ఫ్లాషర్‌కు తల కిందులైనా పట్టింపు ఉండకపోవచ్చు గానీ, ఎలక్ట్రానిక్ దానికి ఉంటుంది. ‘ఈ’ (E) అక్షరం రాసి ఉన్న మూడో పిన్ను నుంచి కొత్తగా ఒక నల్ల వైరు తీసి ఎర్త్‌కు ఇవ్వాలి. ఈ ఒక్క వైరు మీదే మొత్తం పనితనం ఆధారపడి ఉంటుందని ఇన్నేళ్ల వాడకంలో నాకు అర్థమైంది. ఛాసిస్ మీద పెయింటు ఉన్న బోల్టు కింద దాన్ని నొక్కి వదిలేస్తే మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది, నాలుగు వానలు పడ్డాక ఒకసారి కొట్టి ఒకసారి ఆగుతుంది. పెయింటు గీకి, వైరు కొసకు థింబుల్ (బోల్టు దూరే లోహపు ముక్క) నొక్కి బిగించి, బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాయడమో, అసలు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే ఇవ్వడమో మేలు. నేను రెండో పని చేశాను.

వేగం సరిచేయడానికి ఫ్లాషర్ ఒంటి మీద చిన్న స్క్రూ ఉంటుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని 15 సెకన్లలో 21 సార్లు కొట్టేలా తిప్పితే నిమిషానికి 84 అవుతుంది. కంటికి హాయిగా, నియమానికి నడిమధ్యలో ఉంటుంది. ఇంజన్ ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి చూసుకోవాలి. బండి అదురుకు ఆ స్క్రూ మెల్లగా జరుగుతుంది. దాని మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేశాక ఇంతవరకూ కదల్లేదు. మా ఆవిడ ఆ సీసా ఎక్కడికి పోయిందని అడిగింది, అది వేరే సంగతి.

నడివేసవి ఎండలో మధ్యాహ్నమంతా పార్కింగ్‌లో ఉన్నా వేగంలో చెప్పుకోదగ్గ తేడా నేను గమనించలేదు. వానల సంగతే కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఈ చవక ఫ్లాషర్లలో చాలావాటికి లోపల నీరు దిగకుండా సీలు ఉండదు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచిన రోజున చక్రం సగం మునిగేంత నీటిలోంచి వచ్చాక కూడా నాది పనిచేసిందంటే, పిన్నులు కిందికి చూసేలా, వీలైనంత ఎత్తున సీటు కిందికి మార్చి పెట్టడమే కారణమనుకుంటాను. పిన్నులు పైకి ఉంటే నీరు వాటి మొదట్లోనే నిలిచి పచ్చటి చిలుము పడుతుంది.

పోయే సౌకర్యం గురించి చెబుతానన్నాను. ఈ ఫ్లాషర్ లోడును పట్టించుకోదు, అందుకే వేగం మారదు. అదే కారణంగా ఒక ఇండికేటర్ పూర్తిగా చచ్చిపోయినా అది మనకేమీ చెప్పదు. నా వెనక ఎడమ ఇండికేటర్ వైరు ఒకసారి మడ్‌గార్డు అంచుకు రాసుకుని తెగింది. మీటరులో బాణం గుర్తు ఎప్పటిలాగే చక్కగా కొడుతూ ఉంది కాబట్టి ఆ సంగతి నాకు తెలియనే లేదు. అపార్టుమెంటు సెల్లారులో రాత్రి గోడ మీద పడే పసుపు వెలుగు ఒక పక్క కనిపించకపోవడం వల్ల బయటపడింది. అప్పటి నుంచి సెల్లారులో బండి తీసేటప్పుడు రెండు పక్కలా ఒకసారి నొక్కి గోడ వైపు చూడటం అలవాటు చేసుకున్నాను. రెండో లోపం చప్పుడు. నాది లోపల టిక్కుమనని రకం. మలుపు తిరిగాక ఆపడం మరిచిపోయి పోతుంటే, పక్కన బండివాళ్లు గుప్పిట మూసి తెరిచి చూపిస్తూ పోయేవారు. చివరికి ఒక చిన్న 12 వోల్టుల బజర్‌ను రెండు డయోడ్ల (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగాల) ద్వారా రెండు పక్కల వైర్లకూ కలిపాక ఆ అవసరం పోయింది.

ఆ బజర్ కలిపిన పద్ధతే మా బావమరిది పాత బండికీ పనికొచ్చింది. అతని మీటరులో ఇండికేటర్ నడుస్తోందని చూపే పైలట్ బల్బు రెండు పక్కలకూ కలిపి ఒకటే ఉంది, దాని ఒక కొస ఎడమ వైరుకూ, రెండో కొస కుడి వైరుకూ కలిపి ఉంటుంది. ఎడమ పక్క నొక్కితే కరెంటు పైలట్ గుండా దాటి, కుడి పక్క బల్బుల గుండా ఎర్త్‌కు చేరుతుంది. అంత తక్కువ కరెంటుకు 10 వాట్ల బల్బులు వెలగవు కాబట్టి ఎవరికీ తెలియదు. ఎల్‌ఈడీలకు మాత్రం అది చాలు, ఏ పక్క నొక్కినా నాలుగూ కొడతాయి. ఫ్లాషర్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు. "బావా, నీ ఫ్లాషరే పాడైంది, వేరేది తెద్దాం" అని అతను పట్టుబట్టాడు గానీ, కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకు దొరికే 1ఎన్4007 డయోడ్లు రెండు తెచ్చాం. ఎడమ వైరు నుంచి ఒకటి, కుడి వైరు నుంచి ఒకటి తీసి, వెండి గీత ఉన్న కొసలు రెండింటినీ కలిపి పైలట్ ఒక కొసకు ఇచ్చి, పైలట్ రెండో కొసను ఎర్త్ చేశాం. జాయింట్లను సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగడం తప్పనిసరి. ఇన్సులేషన్ టేపు మన ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.

ఇక కొత్త తరం బండ్లు. కొన్నింటిలో ఇండికేటర్లను కొట్టించే పని విడి ఫ్లాషర్ కాక, మీటరు లోపలి సర్క్యూటో కంట్రోల్ యూనిటో చేస్తుంది. అక్కడ మార్చడానికి ఫ్లాషరే ఉండదు కాబట్టి, నేను ఇంత తిట్టిన రెసిస్టర్లే దిక్కు. కొనే ముందు సర్వీసు మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ చూసుకోవాలి, లేదా సీటు, సైడ్ ప్యానెల్ తీసి ఫ్లాషర్ ఉందో లేదో వెతకాలి. రెసిస్టర్లే పెట్టాల్సి వస్తే వారంటీ ఉన్న బండికి వైరింగ్ కోయకుండా, కంపెనీ కప్లర్లకే నేరుగా కలిసే రకాన్ని తీసుకోవడం మంచిది.