ముక్తినాథ్ ప్యాకేజీ: విమానానికి నాలుగు స్టార్లు, ప్రోగ్రాముకు రెండే

కడప నుంచి ట్రావెల్స్ వాళ్లతో నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి వెళ్లొచ్చాం. గదులు, భోజనాలు బాగున్నాయి. వాటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. చెప్పాల్సింది పోఖరా నుంచి, గుడికి దగ్గర్లో ఉన్న జోమ్‌సోమ్‌కు వెళ్లే చిన్న విమానం గురించి.

ట్విన్ ఆటర్ అంటారు, 19 సీట్లది. కూర్చోగానే చెవుల్లో పెట్టుకోవడానికి దూది, చప్పరించడానికి చాక్లెట్ ఇచ్చారు. పైలట్ల ముందున్న అద్దం మన సీట్లోంచే కనిపిస్తుంది. ప్రయాణం ఇరవై నిమిషాలే. కానీ ఇది కొండల మీదుగా కాదు, కొండల మధ్యలోంచి పోతుంది. ఒక పక్క 8,167 మీటర్ల ధవళగిరి, ఇంకో పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, మధ్యలో కాళీగండకి లోయ. గండికోట దగ్గర పెన్న కొండను చీల్చుకుని పోయినట్టే ఉంటుంది గానీ, ఇక్కడ గోడల తల కనిపించదు. ఆ శిఖరాలను దాటేంత ఎత్తుకు పోయే సత్తా ఈ విమానానికి లేదు. లోయలో మబ్బు కమ్మితే ఎదురుగా ఉన్న కొండ కనిపించదు, వెనక్కి తిప్పుకోవాలంటే జాగా చాలదు. పొద్దెక్కేకొద్దీ గాలి కూడా లేస్తుంది. అందుకే ఉదయం పూటే నడుపుతారు.

ఇదే దారిలో విమానాలు కూలి 2016 ఫిబ్రవరిలో 23 మంది, 2022 మే 29న 22 మంది చనిపోయారు. రెండూ ట్విన్ ఆటర్లే.

మేం ఎక్కాల్సిన రోజు పోఖరాలో ఎండ కాస్తోంది. జోమ్‌సోమ్‌లో గాలి ఎక్కువగా ఉందని ఫ్లైట్ రద్దు చేశారు. మా గుంపులో కొందరు గైడును పట్టుకుని గట్టిగా అరిచారు. కౌంటర్‌లో అమ్మాయి మాత్రం మాట మార్చలేదు. ఆ నాలుగు స్టార్లు అందుకే. కొండల్లో వాతావరణంతో పంతం పనికిరాదని మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పాలా? 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయిన రాత్రి మన ఇళ్లలో ఎవరైనా నిద్రపోయారా?

మరుసటి రోజు తెల్లవారగానే ఎక్కాం. దారిలో ఒకచోట విమానం గబుక్కున కిందికి జారింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని దిగేదాకా గోవింద నామాలు చెప్పుకుంటూనే ఉంది.

నా కోపమంతా ప్రోగ్రాము వేసినవాళ్ల మీదే. గోరఖ్‌పూర్ నుంచి తిరుగు రైలు టికెట్లు ముందే తీసేసి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచలేదు. రైలు పోతుందన్న టెన్షన్ ఉంటే జనం అరవక ఏం చేస్తారు? చివరికి తిరుగు ఫ్లైట్ కోసం ఆగే వీల్లేక, దర్శనం కాగానే పెద్దవాళ్లను కూడా జీపుల్లో కూర్చోబెట్టి రాత్రిపూట ఘాట్ రోడ్డు మీదుగా కిందికి తెచ్చారు.

డబ్బు కట్టే ముందు రెండు సంగతులు అడగండి: స్పేర్ డే ఉందా, ఫ్లైట్ రద్దయితే జీపు ఖర్చు ఎవరిది? వానాకాలం తేదీలు ఇస్తే వద్దనండి. వచ్చే ట్రిప్పు నుంచి ఒక రోజు కలుపుతామని మా ట్రావెల్స్ వాళ్లు అన్నారు. కలిపితే ఈ రివ్యూ మార్చి రాస్తాను.